రాళ్ళను ఏరేసి నేలను కొలవలేం

శాన్ ఫ్రాన్సిస్కో నుంచి సాల్ట్ లేక్ సిటీకి ఇంటర్‌స్టేట్ 80 మీద కారులో వెళ్ళిన తెలుగువాళ్ళు చాలామందే ఉంటారు. సియెర్రా నెవాడా కొండలు దిగగానే పచ్చదనం అయిపోతుంది. అక్కడి నుంచి నెవాడా రాష్ట్రం పొడవునా ఒకటే తీరు. బూడిదరంగు పొదలు, పొదల మధ్య గడ్డి దుబ్బులు, దుబ్బుల మధ్య రాళ్ళు. రోడ్డుకి అటూ ఇటూ ఉత్తర దక్షిణాలుగా సాగిపోయే కొండల వరసలు, ఒకటి దాటితే మరొకటి. కారులోంచి చూసినవాళ్ళకి ఎందుకూ కొరగాని బీడనిపిస్తుంది. కానీ షోషోనీ, పాయూట్ ప్రజలు వేల ఏళ్ళు ఈ నేల మీదే బతికారు. 19వ శతాబ్దం రెండో సగం నుంచి లక్షల గొర్రెలు, ఆవులు ఈ కొండల మీదే మేస్తూ వచ్చాయి. లోయల్లో ఏడాదికి పాతిక సెంటీమీటర్ల వాన కూడా సరిగా పడని ప్రాంతమిది. మట్టిలో చాలాచోట్ల సగం రాళ్ళే. అలాంటి నేల ఇంత మేత ఎలా పండించింది?

రాళ్ళున్నా ఎలాగో పండిందని చాలామంది అనుకుంటారు. ఆ కొండల్లో నేలను తవ్వి చూసినవాళ్ళు చెప్పేది వేరు. అక్కడ నీళ్ళు ఎంత లోతుకి దిగాలి, ఎన్నాళ్ళు నిలవాలి, మన్ను కొట్టుకుపోకుండా ఎలా ఆగాలి అనే మూడు విషయాల్లోనూ రాళ్ళ పాత్ర ఉంది. దాన్ని పట్టించుకోకపోవడానికి ఒక కారణం మనం నేలను కొలిచే పద్ధతిలోనే దొరుకుతుంది.

ప్రయోగశాలలో మట్టి నమూనాను ఆరబెట్టి, గడ్డలు చిదిపి, 2 మిల్లీమీటర్ల కన్నాలున్న జల్లెడ పడతారు. కిందికి జారిందే నేలగా లెక్క. ఇసుక, ఒండ్రు, బంకమన్ను ఎంతెంత ఉన్నాయో, ఆమ్ల క్షార గుణమేమిటో, సేంద్రియ కర్బనం ఎంతో, భాస్వరం ఎంతో అన్నీ ఆ మెత్తని మన్నులోనే చూస్తారు. జల్లెడలో మిగిలిన రాళ్ళు చాలాసార్లు చెత్తబుట్టలోకి పోతాయి. అమెరికా వ్యవసాయ శాఖ పద్ధతిలో 2 నుంచి 76 మిల్లీమీటర్ల దాకా ఉన్నవి గులకరాళ్ళు, ఆపైన 250 మిల్లీమీటర్ల దాకా గుండ్రాళ్ళు, అంతకు మించితే బండలు. నేల ఘనపరిమాణంలో గులకరాళ్ళు 15 శాతం దాటితే దాన్ని గులకనేల అంటారు. 35 దాటితే బాగా గులక ఉన్న నేల, 60 దాటితే మితిమీరి గులక ఉన్న నేల. నెవాడా, యూటా, ఇడాహో కొండవాలుల్లో ఈ రెండో రకం మామూలు విషయం.

రాళ్ళను వదిలేస్తే లెక్క ఎంత తప్పుతుందో చూడండి. ఒక కొండవాలు మెత్తని మన్నులో సేంద్రియ కర్బనం 2 శాతం ఉందనుకుందాం. ఘనసెంటీమీటరు మన్ను 1.2 గ్రాములు తూగుతుందనుకుందాం. పై 30 సెంటీమీటర్ల లోతులో హెక్టారుకి 72 టన్నుల కర్బనం ఉందని లెక్క తేలుతుంది. ఇప్పుడు ఆ నేలలో 40 శాతం రాళ్ళున్నాయని గుర్తు చేసుకుంటే అది 43 టన్నులకి పడిపోతుంది. కాగితం మీద కనిపించిన మిగతా 29 టన్నులు నిజంగా ఆ కొండ మీద లేనే లేవు. పర్వత ప్రాంతపు మేతభూముల్లో ఎంత కర్బనం నిలవ ఉందో లెక్కకట్టి దానికి వెల కట్టే ప్రయత్నాలు జరుగుతున్న ఈ రోజుల్లో ఇది చిన్న పొరపాటు కాదు.

ఈ రాళ్ళు వచ్చిన దారి కూడా తెలుసుకోదగ్గదే. గ్రేట్ బేసిన్ అనే ఈ ప్రాంతంలో భూమి పైపొర కోటిన్నర ఏళ్ళకు పైగా తూర్పు పడమరలకి సాగుతూ పగుళ్ళు తీస్తోంది. పగుళ్ళ మధ్య కొన్ని దిమ్మెలు పైకి లేచి కొండలయ్యాయి, కొన్ని కుంగి లోయలయ్యాయి. లేచిన కొండను చలి పగలగొడుతుంది. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. రాతి చీలికలో చేరిన నీరు రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, మళ్ళీ రాత్రి గడ్డకట్టి చీలికను వెడల్పు చేస్తుంది. విరిగిన ముక్కలు వాలు మీద జారి, వానకి, మంచునీటికి దొర్లి కొండ పాదాల దగ్గర మేటలు వేస్తాయి.

ఉత్త రాతిముక్కల్లో గడ్డి మొలవదు. వాటి సందుల్లోకి మన్ను రావాలి. అందులో కొంత ఆ రాళ్ళే అరిగి తయారైనది, కొంత గాలి తెచ్చిపోసినది. సుమారు 18 వేల ఏళ్ళ క్రితం ఇప్పటి యూటాలో బాన్‌విల్ అనే మహాసరస్సు ఉండేది. దాని వైశాల్యం 50 వేల చదరపు కిలోమీటర్ల పైమాట. నేటి గ్రేట్ సాల్ట్ లేక్ దాని శేషమే. పశ్చిమ నెవాడాలో లాహాంటన్ అనే మరో సరస్సు ఉండేది. వాతావరణం వేడెక్కి ఆ సరస్సులు ఎండినప్పుడు బయటపడ్డ అడుగు మన్ను గాలికి లేచి కొండవాలుల మీద పడింది. రాళ్ళ మధ్య చిక్కుకుంది. వాన దాన్ని లోపలికి దించింది. అంటే ఈ కొండల్లో గడ్డివేరు పట్టుకున్న మన్నులో కొంత భాగం ఎప్పుడో ఎండిపోయిన చెరువు అడుగు నుంచి వచ్చింది.

దక్షిణంగా మొహావీ ఎడారిలో సీమా అనే చోట పాత లావా ప్రవాహాల మీద శాస్త్రవేత్తలు దీన్ని మరింత స్పష్టంగా చూశారు. అక్కడ నేల మీద రాళ్ళు చాప పరిచినట్టు ఒత్తుగా ఉంటాయి, వాటి కింద అరమీటరు దాకా మెత్తని మన్ను. మట్టి గాలికి పోయి రాళ్ళు మిగిలాయనేది పాత వివరణ. కానీ విశ్వకిరణాల తాకిడికి రాతిలో పుట్టే హీలియం-3ని కొలిచి చూస్తే, ఆ రాళ్ళు లావా చల్లారిన నాటి నుంచి పైనే ఉన్నాయని తేలింది. గాలి తెచ్చిన దుమ్ము రాళ్ళ కిందికి చేరుతూ పోయింది, రాళ్ళు దాని మీద పైకి లేస్తూ వచ్చాయి.

గ్రేట్ బేసిన్‌లో ఎక్కడైనా రోడ్డు కోసం తవ్విన గట్టు దగ్గర ఆగి, అరమీటరు లోతులోంచి ఒక రాయి లాగి తిరగేసి చూడండి. చాలాచోట్ల దాని అడుగున తెల్లని సున్నపు పూత ఉంటుంది. ఇంకే నీరు రాయి చుట్టూ తిరిగి అడుగున కాసేపు నిలుస్తుంది. వేర్లు దాన్ని తాగేస్తాయి లేదా అది ఆరిపోతుంది. దానిలో కరిగి ఉన్న సున్నం అక్కడే మిగులుతుంది. వేల ఏళ్ళలో ఆ పూత మందమవుతుంది, పక్క రాళ్ళ పూతలతో కలుస్తుంది, చివరికి గట్టి పలకగా మారుతుంది. న్యూ మెక్సికో ఎడారిలో ఈ దశలన్నిటినీ పరిశీలించి 1966లో గైల్, పీటర్సన్, గ్రాస్‌మన్ అనే ముగ్గురు వివరించారు. గులకనేలలో సందులు తక్కువ కనుక మామూలు మట్టి కంటే త్వరగా సున్నంతో పూడిపోతుందని వాళ్ళు చూపించారు. నేలను తవ్వే నిపుణులు ఈ పూతను చూసే నేల వయసును అంచనా వేస్తారు. సాధారణంగా వాన నీరు ఎంత లోతు దాకా దిగుతుందో కూడా ఆ తెల్లని గీతే చెబుతుంది.

ఇక నీటి సంగతి. ఈ నేలల గురించి ఒక్క విషయమే తెలుసుకునే తీరికున్నవాళ్ళు ఇది తెలుసుకుంటే చాలు. సమపాళ్ళ గరపమన్ను మీటరు లోతులో మొక్కకు అందే నీరు సుమారు 17 సెంటీమీటర్లు నిలుస్తుంది. అందులో సగం గట్టి రాళ్ళయితే నిలవ 8.5 సెంటీమీటర్లే. మామూలుగా చెప్పే మాట ఇక్కడితో ఆగిపోతుంది: రాళ్ళ నేల నీరు పట్టదు, కాబట్టి చెడ్డది. లెక్కను ఇంకొక్క అడుగు ముందుకి తీసుకెళ్ళాలి. కుండలో సగం దాకా గులకరాళ్ళు వేసి చెంబెడు నీళ్ళు పోస్తే నీటిమట్టం ఎంత పైకి వస్తుందో మనకి తెలుసు. నేలలో అదే జరుగుతుంది, కాకపోతే కిందికి. ఎండిన మన్ను మీద 4 సెంటీమీటర్ల మంచునీరు ఇంకితే రాళ్ళు లేని చోట పై 24 సెంటీమీటర్లు తడుస్తాయి. సగం రాళ్ళున్న చోట 47 సెంటీమీటర్ల దాకా తడుస్తుంది. ఎండ, గాలి నేలలోంచి నేరుగా లాక్కునే నీరు ఎక్కువగా పై పదిహేను ఇరవై సెంటీమీటర్లదే. అంతకంటే లోతుకి దిగిన తడిని ఇక వేరు మాత్రమే తీసుకోగలదు. అంటే రాళ్ళ నేల తక్కువ పట్టినా, పట్టినదాంట్లో ఎక్కువ భాగాన్ని మొక్కకి దాచిపెడుతుంది.

ఇజ్రాయెల్ పరిశోధకుడు ఇమ్మాన్యుయెల్ నోయ్-మెయిర్ 1973లో ఎడారి పర్యావరణాలను సమీక్షిస్తూ దీన్ని ఒక సూత్రంగా చెప్పారు. తడి ప్రాంతాల్లో బంకమన్ను, మెత్తని మన్ను మంచివి. పొడి ప్రాంతాల్లో వరస తలకిందులవుతుంది. గరుకు నేలల్లోనే మొక్కలు ఏపుగా పెరుగుతాయి. వార్షిక వర్షపాతం 30 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య ఎక్కడో ఈ మార్పు వస్తుందని ఆయన అంచనా. గ్రేట్ బేసిన్ మేతకొండల్లో చాలా భాగం సరిగ్గా ఆ హద్దు చుట్టుపక్కలే ఉంది.

అక్కడ కాలం కూడా కలిసొస్తుంది. నీరు ఎక్కువగా చలికాలంలో, మంచు రూపంలో వస్తుంది. ఇడాహోలోని ఓవైహీ కొండల్లో 1960 నుంచి రేనాల్డ్స్ క్రీక్ అనే 239 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు కొలుస్తున్నారు. దాని దిగువన ఏడాదికి సుమారు 23 సెంటీమీటర్ల వర్షపాతం, ఎగువన 110 సెంటీమీటర్ల పైన. ఎగువన పడేదాంట్లో ముప్పావు వంతు మంచే. గాలి ఆ మంచును శిఖరాల మీద నుంచి ఊడ్చి చాటువాలుల్లో పోస్తుంది. ఆ కుప్పల కింద ఆస్పెన్ చెట్లు గుంపుగా పెరుగుతాయి, కొద్ది దూరంలోని గట్టు మీద మోకాలెత్తు పొదలే ఉంటాయి. మొక్కలు నిద్రపోతున్నప్పుడు కురిసి, వసంతంలో నెమ్మదిగా కరిగే ఈ నీటికి లోపలికి దిగే సమయం దొరుకుతుంది. రాళ్ళు దాన్ని ఇంకా లోతుకి పంపుతాయి.

లోతున ఉన్న ఆ నీటిని పైకి తెచ్చేది సేజ్‌బ్రష్. ఇంటర్‌స్టేట్ 80 పక్కన కనిపించే బూడిదరంగు పొద ఇదే. దీని వేర్లు రెండు మీటర్ల లోతుకి పోతాయి. యూటాలో రిచర్డ్స్, కాల్డ్‌వెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1987లో ఈ పొద గురించి ఆశ్చర్యపరిచే విషయం ప్రకటించారు. పగలు ఆకులు నీటిని లాగుతాయి. రాత్రి ఆకుల రంధ్రాలు మూసుకున్నాక కూడా లోతు వేర్లు నీటిని పీలుస్తూనే ఉంటాయి. ఆ నీరు పై వేర్లలోకి ఎక్కి, అక్కడ ఎండిన మన్నులోకి చెమ్మగా దిగుతుంది. మర్నాడు ఆ చెమ్మను పొద వాడుకుంటుంది, పక్కనున్న గడ్డి కూడా కొంత వాడుకుంటుంది. పశువులకి మేత కావాలని 20వ శతాబ్దంలో లక్షల ఎకరాల్లో సేజ్‌బ్రష్‌ను దున్నించారు, మందు కొట్టి చంపారు. ఈ సంగతి తెలిసి ఉంటే అంత తొందరపడేవాళ్ళు కాదనిపిస్తుంది.

నేల పైన కనిపించే రాళ్ళ పని వేరు. చినుకు దెబ్బ మన్ను మీద పడితే కణాలు చెదిరి, సందులు మూసుకుని, పైన పొరకడుతుంది. రాయి ఆ దెబ్బ కాస్తుంది. అయితే అన్ని రాళ్ళూ ఒకటి కావు. నేల మీద వదులుగా కూర్చున్న రాయి కింద సందులు తెరుచుకునే ఉంటాయి, నీరు ఇంకుతుంది. గట్టిపడిన పొరలో సగం కూరుకుపోయిన రాయి నీటిని పక్కకి తోలి పారుదల పెంచుతుంది. బెల్జియం పరిశోధకుడు జాన్ పోసెన్ బృందం ప్రయోగశాలలో ఈ తేడాను కొలిచి చూపించింది. ఒకే కొండ మీద ఒకే శాతం రాళ్ళున్న రెండు చోట్ల ఒకదాంట్లో నీరు ఇంకడం, మరోదాంట్లో పారిపోవడం అందుకే. చైనాలోని గాన్సూ రైతులు మూడు వందల ఏళ్ళకు పైగా పొలాల మీద కావాలని గులకరాళ్ళు పరిచి పుచ్చకాయలు పండిస్తున్నారు. వాళ్ళ రాళ్ళు వదులుగా ఉంటాయి.

ఇంతవరకు రాళ్ళ గుణం చెప్పాను. ఈ నేలల బలహీనత కూడా అక్కడే ఉంది. మెత్తని మన్ను సగమే కనుక తిండీ నీరూ ఉన్నది ఆ సగంలోనే. మీటరు లోతు మంచి నేలలో పది సెంటీమీటర్లు కొట్టుకుపోతే నష్టమే అయినా నేల మిగులుతుంది. ముప్ఫై సెంటీమీటర్ల గులకనేలలో నల్లని పైపొర పోతే దాదాపు అంతా పోయినట్టే. ఒక్క సెంటీమీటరు మన్ను తిరిగి తయారుకావడానికి వందల ఏళ్ళు పడుతుంది.

యూటా ఈ పాఠం ఖరీదు పెట్టి నేర్చుకుంది. వాసాచ్ పీఠభూమి మీద, 3,000 మీటర్ల ఎత్తున, 19వ శతాబ్దం చివర్లో గొర్రెల మందలకి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. మంచు కరిగీ కరగకముందే మందలు ఎక్కేవి. తడి నేలను తొక్కి, లేత చిగుళ్ళను కొరికి, ఏటేటా గడ్డిని మొదలంటా తీసేశాయి. కింద లోయలో మాంటై అనే ఊరిని 1888 నుంచి వరదలు ముంచెత్తడం మొదలైంది. బురదతో, బండలతో వచ్చిన వరదలవి. విసిగిన ఊరివాళ్ళే ప్రభుత్వాన్ని అడిగి, 1903లో ఆ కొండను అటవీ రిజర్వుగా ప్రకటింపజేశారు. తర్వాత 1912లో ఎఫ్రైమ్ కనుమలో పరిశోధన కేంద్రం పెట్టారు. దాని మొదటి డైరెక్టర్ ఆర్థర్ శాంప్సన్. మేతభూముల శాస్త్రానికి పునాది వేసినవాడిగా ఆయన్ని చెప్పుకుంటారు.

శాంప్సన్ చేసిన పని చాలా సాదా అయినది, అందుకే గొప్పది. పీఠభూమి మీద ఇంచుమించు నాలుగేసి హెక్టార్ల రెండు వాలులు ఎంచుకున్నారు. వాటికి ఏ, బీ అని పేర్లు పెట్టారు. ఏ వాలు మీద నూటికి 16 పాళ్ళ నేలకే మొక్కల కప్పు ఉంది, బీ మీద 40 పాళ్ళకి. కింద తొట్టెలు కట్టి, ఏ వానకి ఎంత నీరు, ఎంత మట్టి దిగిందో కొలిచారు. ఏటా దిగే నీటిలో అధిక భాగం వసంతంలో కరిగిన మంచుదే, అది పెద్దగా మట్టిని తేలేదు. మట్టిని తెచ్చినవి వేసవిలో కాసేపు దంచికొట్టే కొద్దిపాటి జడివానలు. బట్టతల లాంటి ఏ వాలు నుంచి బీ కంటే అనేక రెట్లు మట్టి దిగింది. తర్వాత ఏ వాలు మీద మేతను అదుపు చేసి మొక్కల కప్పును 40 పాళ్ళకి తెచ్చారు. మట్టి దిగడం బాగా తగ్గింది. వాన మారలేదు, వాలు మారలేదు, రాళ్ళు మారలేదు.

ఒకసారి మన్ను పోయిన చోట్ల మాత్రం కథ సుఖాంతం కాలేదు. మందలను ఆపి దశాబ్దాలు గడిచినా, పైపొర కోల్పోయిన గట్ల మీద పాత పచ్చిక తిరిగి రాలేదు. మన్ను తేలిపోయాక మిగిలిన రాళ్ళ పరుపు చూడటానికి మొహావీ రాళ్ళ చాపలాగే ఉంటుంది, పుట్టుక మాత్రం పూర్తిగా వేరు. ఒకటి దుమ్ము చేరి ఏర్పడింది, ఇది మన్ను పోయి ఏర్పడింది. పైచూపుతో నేలను అంచనా వేయడం ఎంత ప్రమాదమో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇప్పటి బెడద చీట్‌గ్రాస్ అనే వలస గడ్డి. శరదృతువులో మొలిచి, జూన్ నాటికి ఎండి, నిప్పంటుకునే దాకా ఆగుతుంది. మంట సేజ్‌బ్రష్‌ను చంపుతుంది, ఆ ఖాళీలో ఈ గడ్డే మళ్ళీ మొలుస్తుంది. దీనికి ఏ కొండ లొంగుతుందో ముందే చెప్పడానికి శాస్త్రవేత్తలు చూసేది అరమీటరు లోతులో నేల ఉష్ణోగ్రత, తడి. సంవత్సర సగటు 8 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉండి, తడి నిలిచే వాలులు బాగా తట్టుకుంటాయి. వెచ్చని, పొడి వాలులు త్వరగా లొంగిపోతాయి. అందుకే ఒకే కొండకి ఉత్తరపు వాలు పచ్చగా బతికిపోయి, ఎండ తగిలే దక్షిణపు వాలు కాలి గడ్డిబీడుగా మారిపోవడం అక్కడ తరచూ కనిపిస్తుంది.

మన దగ్గర అనంతపురం, కడప గుట్టల చుట్టూ ఉన్న ఎర్ర గరప నేలల్ని చూసేవాళ్ళకి ఇదంతా కొంత పరిచయమైన లోకమే. అయితే అక్కడి లెక్కను ఇక్కడికి యథాతథంగా తేవడం తప్పు. నెవాడాలో నీరు చలికాలంలో చేరుతుంది, పొద వేసవిలో తాగుతుంది. అనంతపురంలో పడే సుమారు 55 సెంటీమీటర్ల వాన పంట నిలబడి ఉన్నప్పుడే, ఎండల మధ్యే పడుతుంది. పైగా చాలా పొలాల్లో అరమీటరు లోపే మొరం, దాని కింద రాయి. నీరు లోతుకి దిగి దాక్కునే చోటు లేదు. ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రమట్టి అరమీటరులో పట్టే నీరు 6 సెంటీమీటర్లనుకుంటే, 40 శాతం రాళ్ళున్న చోట 3.6 సెంటీమీటర్లే. రోజుకి నాలుగైదు మిల్లీమీటర్లు తాగే వేరుశనగకి మొదటి చేనులో దాదాపు రెండు వారాల తడి ఉంటుంది. రెండో చేనులో ఎనిమిది రోజులు. వాన ముఖం చాటేసినప్పుడు పంట దక్కడానికీ పోవడానికీ మధ్య తేడా ఆ ఐదారు రోజులే.

2015లో మొదలైన భూసార ఆరోగ్య పత్రంలో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, సూక్ష్మ పోషకాలు, ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం. వాటిలో రాళ్ళ శాతం లేదు. పైన చెప్పిన రెండు చేలకీ ఒకే పత్రం, ఒకే ఎరువుల సిఫారసు రావచ్చు. గుట్టల పక్క పొలాల్లో, మేతబీళ్ళలో మట్టి తీసే సిబ్బందికి, రైతులకి నా విన్నపం ఒకటే. ఎంత లోతున గట్టి పొర తగిలిందో, తవ్విన మట్టిలో రాళ్ళు ఎన్ని పాళ్ళున్నాయో నమూనా సంచి మీద రాయండి. దానికి యంత్రం అక్కర్లేదు, ఒక జల్లెడ, ఒక బకెట్ చాలు.